బండికి ఉప్పు వదిలించిన అక్క

అక్క పోయిందని ఫోను వచ్చేసరికి పని మీద గుడివాడ వెళ్ళి ఒక స్కూలు బస్సుకి స్టిక్కరు వేస్తున్నాను. చేతిలో వేడిగాలి కొట్టే గన్ను ఉంది. పట్టిన మూల అణిచి, చల్లారేదాకా వేలితో నొక్కి ఉంచి, ఆ తర్వాతే బందరు బస్సెక్కాను. సగంలో వదిలి వచ్చానని తెలిస్తే పడుకున్నచోటి నుంచే తిట్టేది.

రోజూ జమాఖర్చు రాసుకోవడం తప్ప నాకు వేరే రాత అలవాటు లేదు. అయినా రాస్తున్నాను. ఆవిడతోపాటు ఆవిడ పద్ధతి కూడా పోయిందని, ఇక మా షెడ్డులోనూ అందరిలాగే పని నడుస్తుందని బజారులో అనుకుంటున్నారు. నడవదు.

ఆవిడ నాకు తోడబుట్టిన అక్క కాదు. బందరులో బండ్లకి వినైల్ ప్లాస్టిక్ స్టిక్కరు చుట్టే షాపు ఆవిడది. భర్త పోయాక తనే నడిపింది. నేను ఫోనులో వీడియోలు చూసి పని నేర్చుకుని అక్కడ చేరాను. వీడియోల్లో అన్నీ ఉన్నాయి, ఉప్పు సంగతి ఒక్కటి లేదు. మా వైపు బండ్లు చేపల కోసం సముద్రం ఒడ్డుకి, గిలకలదిండికో హంసలదీవికో వెళ్ళి వస్తాయి. తలుపు సందుల్లో ఉప్పు పేరుకుంటుంది. దానిమీద ఎంత మంచి స్టిక్కరు వేసినా అంచు పట్టదు. అక్క తలుపు తెరిచి, సందులో వేలు రాసి, నాలిక మీద పెట్టుకునేది. ఉప్పగా తగిలితే "మళ్ళీ కడుగు" అనేది.

"అదేం పనక్కా, ఛీ!" అన్నాను మొదట్లో.

"ఎండుచేపకి ఉప్పు పట్టిస్తూ పెరిగినదాన్నిరా. బండికి ఉప్పు వదిలించలేనా?"

హ్యాండిళ్ళు, లైట్లు విప్పకుండా పని మొదలుపెట్టనిచ్చేది కాదు. స్టిక్కరు కోసేటప్పుడు బండి రంగు మీద బ్లేడు ఆనకూడదు. అంచు తలుపు లోపలికి మడవాలి. ఒకసారి ఒక ఆటో అతను విసుక్కున్నాడు.

"కనపడని చోట ఎందుకక్కా ఇంత ముస్తాబు?"

"కనపడని చోటే ముందు లేస్తుంది. నీ పెళ్ళిలో పట్టుపంచె కింద ఏం కట్టుకున్నావో ఎవరైనా చూశారా? అలాగని కట్టుకోవడం మానేశావా?"

ఆటోస్టాండంతా నవ్వింది. అతనూ నవ్వి కూర్చున్నాడు.

అందరూ నవ్వి ఊరుకోలేదు. ఎన్నికల రోజుల్లో ఒక ప్రచారం బండి వచ్చింది. బీచిలో మీటింగు నుంచి నేరుగా తెచ్చారు.

"పొద్దున్నకి మా నాయకుడి బొమ్మ అంటించెయ్యాలమ్మా."

"కడగాలండీ, ఆరాలండీ. ఎల్లుండి ఇస్తాను."

"నీ షాపు రోడ్డు మార్జిన్లో ఉంది. గుర్తుందా?"

"గుర్తుందండీ. మీ బండి సందుల్లో ఉప్పుంది. రేపు మీ నాయకుడి చెవి లేచి గాలికి కొట్టుకుంటుంటే నవ్వేది జనం, తిట్లు తినేది నేను."

ఆ బండి వెళ్ళిపోయింది. ఆ వారంలోనే మా షాపు రేకులు విప్పించి రోడ్డు పక్కన పడేయించారు.

"ఆ ఒక్కసారికి ఊఁ అనుంటే సరిపోయేది కదక్కా" అన్నాను.

"రేకులే కదరా విప్పింది" అని ఒక చివర తను పట్టుకుని, రెండో చివర నన్ను పట్టుకోమంది. ఆ రేకులతోనే అక్కావాళ్ళింటి దొడ్లో షెడ్డు వేశాం. బేరాలు తగ్గాయి. పద్ధతి మారలేదు.

పెద్దకర్మ అయిన మర్నాడు షెడ్డు తెరిచాను. అవనిగడ్డ వైపు నుంచి చేపల వ్యాను ఆయన వచ్చాడు. పాత మనిషే, వరస కలిపి పిలుస్తాడు.

"సాయంత్రానికి అంటించెయ్ బావా."

"రేపు ఇస్తాను."

"అక్క లేదు కదా, ఇంకా వంకలు పెట్టేదెవరు? గుడివాడలో అయితే ఒక పూటలో ఇచ్చేస్తారు."

"అయితే గుడివాడ తీసుకెళ్ళు బావా. ఇక్కడైతే రేపే."

ఇంటికొచ్చిన బేరాన్ని నేను అంత మాట ఎప్పుడూ అనలేదు. ఆయన వ్యాను తాళాలు బల్లమీద పడేశాడు.

"ఆవిడ పోతూ పోతూ మొండితనం మాత్రం ఇక్కడే వదిలేసి పోయిందయ్యా" అని గొణుక్కుంటూ బస్టాండు వైపు నడిచాడు.

పైపు తీసుకుని లేచాను. మధ్యాహ్నానికి ఆ వ్యాను తలుపులన్నీ బార్లా తెరుచుకుని, సందు సందు నుంచీ నీళ్ళు కారుస్తూ, దొడ్లో ఎండకి నిలబడి ఉంది.