తుమ్మలకుంట క్రాసులో ఆగిన బస్సు

మొన్న హిందూపురం మార్కెట్టు వీధిలో నడుస్తుంటే, ఒక దుకాణం ముందు కొత్త చింతపండు బస్తా కుట్లు విప్పుతున్నారు. ఆ పులుపూ, గోనెసంచి వాసనా, పక్కనే పేర్చిన బెల్లం అచ్చుల తీపీ కలిసి ముక్కుకు తగిలేసరికి నా కాళ్ళు ఆగిపోయాయి. మా నాయన ఖాకీ చొక్కా వాసన అది. ఆయన హిందూపురం నుంచి పెనుకొండ మీదుగా ధర్మవరం పోయే బస్సులో కండక్టరు. పొద్దున పోయేటప్పుడు చింతపండు, బెల్లం, ఎండుమిరపకాయల బస్తాల నడుమ నిలబడేవాడు. సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు ధర్మవరం మగ్గాల వాళ్ళ పట్టుచీరల మూటలుండేవి. పట్టుకు వాసన ఉండదు కాబట్టి ఇంటికి వచ్చేసరికి చొక్కాలో చింతపండే మిగిలేది.

పెనుకొండలో కొండ కింది వీధిలో రెండు గదుల బాడుగ ఇల్లు మాది. నాయన, అమ్మ, నేనొక్కదాన్నే. ఎండాకాలంలో కొండబండలు పగలంతా తాగిన వేడిని సాయంత్రం మా వీధి మీదికి వదిలేవి. మేము నీళ్ళు చల్లిన అరుగు మీద కూర్చుని గచ్చకాయలాడుకునేవాళ్ళం. వానలు పడి కొండ పచ్చబడ్డాక సీతాఫలాలు వచ్చేవి. వేరుశనగ చేలలో చెనిక్కాయలు పీకే కాలంలో ఎవరో ఒకరు బస్సులో నాయన చేతికి ఇచ్చి పంపిన పచ్చికాయలు అమ్మ ఉప్పేసి ఉడకబెడితే, ఆ ఆవిరికి ఇంట్లో గోడలు కూడా తడిసినట్టుండేవి. పొద్దున సంగటి, రోట్లో నూరిన ఊరిబిండి. పండగ రోజు మాత్రం పూర్ణం పెట్టిన ఓళిగలు. అమ్మ పెనం మీద ఓళిగ తిప్పుతుంటే మొదటిది నాకే అని ఇంట్లో మాట ఉండేది. ఆ మాట నా కథలో పెద్దదే కాబట్టి ముందే చెబుతున్నాను.

నాయన పేరు ఓబులేసు. చదివింది ఎనిమిదో తరగతి. నెమ్మదైన మనిషి. గొంతు పెంచడం బస్సులో 'రైట్' అనేటప్పుడే. ఆయనకొక అలవాటుండేది. బస్సు కదిలేముందు ఎక్కినవాళ్ళను చూసేవాళ్ళు కండక్టర్లందరూ. మా నాయన మాత్రం రోజూ ఎక్కేవాళ్ళలో ఆ రోజు ఎవరు ఎక్కలేదో చూసేవాడు. "ఏమబ్బా, మీ సుబ్బన్న రెండ్రోజులాయె కనపల్లేదే, ఒళ్ళు బాగుండాదా?" అని వాళ్ళ ఊరి మనుషులను అడిగేవాడు. జ్వరమని తెలిస్తే మర్నాడు పెనుకొండలో మందులు తీసుకుని వాళ్ళ ఊరికి పోయే ఎవరో ఒకరి చేతికి ఇచ్చి పంపేవాడు. అమ్మకు ఇవేవీ చెప్పేవాడు కాదు. చెబితే గొప్ప చెప్పుకున్నట్టుంటుందని కాబోలు.

సోమందేపల్లికీ పెనుకొండకూ మధ్యలో రోడ్డు పక్క ఒక మలుపు. అక్కడ నుంచి రెండు మైళ్ళు లోపలికి పోతే తుమ్మలకుంట. ఆ మలుపును తుమ్మలకుంట క్రాసు అనేవాళ్ళు. నాయన బస్సు ఎక్స్‌ప్రెస్ కాబట్టి అక్కడ ఆగకూడదు. ఆ ఊరి ముసలామె ఒకామె రోజూ కనకాంబరాల బుట్ట నెత్తిన పెట్టుకుని, సోమందేపల్లి దాకా నడిచివచ్చి మరీ బస్సెక్కేది. అందరూ పూలవ్వ అనేవాళ్ళు. ఒక రోజు అవ్వ పక్కన నా ఈడు పిల్ల ఒకతి కూర్చుని పూలు మాలకడుతోందట.

"బడికి పోలేదా పాప?" అని నాయన అవ్వను అడిగాడు.

"ఏడో తరగతి అయిపాయె కదప్పా. మా ఊర్లో అంతవరకే ఉండాది. పెనుకొండకు రావల్లంటే ఎట్లొస్తాది? మీ బస్సు మా క్రాసులో నిలవదాయె. చదువు సాలని ఇంట్లోనే పెట్టుకున్న్యాం."

నాయన టికెట్టు చించి ఇచ్చి, "రేపట్నుంచి నిలుస్తాదిలే అవ్వా. పాపను పంపీ" అన్నాడట.

ఎవరినీ అడగలేదు. డ్రైవరు బాషా మామతో మాత్రం పెనుకొండలో టీ తాగుతూ చెప్పాడు. బాషా మామ నవ్వి, "నువ్వు రైటు అనకుంటే నా బండి యాడికి పోతాదన్నా" అన్నాడు. అంతే. మర్నాటి నుంచి ఎక్స్‌ప్రెస్ బస్సు తుమ్మలకుంట క్రాసులో ఒక్క నిమిషం ఆగసాగింది. పూలవ్వ మనవరాలు లక్ష్మీదేవి, ఆమె వెంట సువార్త అనే ఇంకో పిల్ల ఎక్కేవాళ్ళు. పెనుకొండ హైస్కూల్లో ఇద్దరూ నా తరగతిలోనే చేరారు. వానపడిన రోజు వాళ్ళ పావడాలకు మోకాళ్ళ దాకా ఎర్రమట్టి ఉండేది. లక్ష్మీదేవి జడలో ఎప్పుడూ కనకాంబరాలుండేవి, నాకూ ఒక మూర తెచ్చేది. లెక్కల్లో మాత్రం నాకంటే ముందుండేది. అది నాకు నచ్చేది కాదు.

రెండేళ్ళు అలా గడిచాయి. మేము పదో తరగతికి వచ్చాక, సంక్రాంతి దాటిన కొన్నాళ్ళకు, ఎవరో ప్రయాణికుడు ఎక్స్‌ప్రెస్ బస్సును దారిలో ఆపుతున్నారని పైకి రాసి పంపాడు. రాసినాయన తప్పేమీ లేదు, ఆయనకు ధర్మవరంలో రైలు అందలేదట. విచారణ జరిగింది. "నిలిపినావా?" అని అడిగితే నాయన "నిలిపినా సార్" అన్నాడు. "ఎందుకు?" అంటే "పిల్లోళ్ళు ఉండారు సార్" అన్నాడు. ఆయన్ని కదిరి వైపు బస్సుకు మార్చారు. బాషా మామ ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చుని, తప్పు తనమీద వేసుకుంటానని అన్నాడు. నాయన ఒప్పుకోలేదు.

కొత్త కండక్టరు క్రాసులో ఆపలేదు. ఆపమని ఎవరు చెప్పగలరు? వారం రోజులు లక్ష్మీదేవి, సువార్త బడికి రాలేదు. పరీక్షలు రెండు నెలలుండగా, హాజరుపట్టీలో వాళ్ళ పేర్ల ఎదురుగా రోజూ సున్నాలే. ఆ ఆదివారం నాయన సైకిలు తీసుకుని తుమ్మలకుంట పోయి, పొద్దు వాలేసరికి ఇద్దరు పిల్లలతో, రెండు ట్రంకు పెట్టెలతో, ఒక జొన్నల మూటతో ఎద్దులబండిలో వచ్చాడు.

అమ్మ గడపలో నిలబడి చూసింది. "పరీచ్చలయ్యేదాకా ఈడనే ఉంటారు" అన్నాడు నాయన.

"రెండు గదులు ఉండేది" అంది అమ్మ.

"రెండుండాయి కదా" అన్నాడు.

అమ్మ లోపలికి పోయి సంగటికి ఎసరులో ఇంకో చెంబు నీళ్ళు పోసింది.

సువార్త వాళ్ళు ప్రార్థన చేసుకునేవాళ్ళు. లక్ష్మీదేవి వాళ్ళది వేరే కులం, మాది వేరే. ఇంటి ఓనరమ్మ మరునాడే వచ్చి, బావి దగ్గర నీళ్ళు చేదుతున్న పిల్లలను చూస్తూ, "వాళ్ళు ఏమిటోళ్ళు ఓబులేసూ?" అని అడిగింది.

"పదో తరగతోళ్ళమ్మా" అన్నాడు నాయన.

ఆమె నాయన మొహంలోకి చూసింది. ఎగతాళి లేదు, కోపం లేదు. ఇంకో మాట అడగడానికి ఆమెకు చోటు దొరకలేదనుకుంటాను. బిందె ఎత్తుకుని పోయింది, మళ్ళీ ఆ ఊసు ఎత్తలేదు.

ఆ రోజులు బాగుండేవి అని ఇప్పుడు అనిపిస్తుంది. ముగ్గురం ఒక చాప మీద వరుసగా పడుకునేవాళ్ళం, ఒకరి పుస్తకం ఇంకొకరి తలకింద ఉండేది. సువార్త సన్నగా పాటలు పాడేది. నాయన కదిరి నుంచి వచ్చేటప్పుడు గుడి దగ్గర బొరుగులు, వేయించిన శనగలు తెచ్చి మూడు దోసిళ్ళలో సమానంగా పోసేవాడు. ఆ సమానమే నాకు మంట. అంతవరకు దోసిలి నాది ఒక్కటే. నాయన భోంచేస్తూ "లచ్చిమ్దేవీ, ఈ పొద్దు ఏం లెక్కలు చేస్తిరి?" అని అడిగితే, నన్నెందుకు అడగలేదని లోపల గుచ్చుకునేది.

ఉగాది వచ్చింది. నాలుగు రోజుల్లో పరీక్షలు. ధర్మవరంలో తెలిసిన మగ్గం వాళ్ళ దగ్గర నాకు పట్టంచు పావడా తెస్తానని నాయన పోయిన ఏడాది నుంచి చెబుతున్నాడు. ఆ పండక్కి ఆయన తెచ్చింది ఒకే రకం పూల చీటీగుడ్డ, మూడు ముక్కలుగా. అమ్మ పెనం మీంచి మొదటి ఓళిగ తీసి, నెయ్యి వేసి, "పాపం, ఊరొదిలి వచ్చిన పిల్లోళ్ళు" అంటూ లక్ష్మీదేవి చేతిలో పెట్టింది.

మధ్యాహ్నం అమ్మ పక్కింటికి పోయినప్పుడు, నేను ఆ పిల్లతో అన్నాను: "మా నాయన చుట్టూ తిరుగుతాండావు. మీకు నాయన లేడా?"

ఉన్నాడు. బెంగుళూరులో ఇళ్ళు కట్టే పనికి పోయి నాలుగేళ్ళుగా ఊరి మొహం చూడలేదు. అది నాకు తెలుసు. తెలిసే అన్నాను. లక్ష్మీదేవి ఏడవలేదు. తినకుండా దాచుకున్న సగం ఓళిగను గూట్లో పెట్టి, చేతులు కడుక్కుంది. మర్నాడు పొద్దున లేచి చూస్తే చాప మీద సువార్త, నేనూ మాత్రమే ఉన్నాం. పుస్తకాలన్నీ ఇక్కడే ఉన్నాయి. పూలగుడ్డ మడిచి ట్రంకు మీద ఉంది.

నాయన డ్యూటీ దిగి మధ్యాహ్నం వచ్చాడు. అమ్మ చెప్పింది. ఆయన కాళ్ళు కడుక్కోకుండానే సైకిలు తిప్పి, నా వైపు చూసి, "ఎక్కు" అన్నాడు. ఏడు మైళ్ళ దారి. ఎండలో రోడ్డు మీద నీళ్ళున్నట్టు కనబడుతోంది. వెనక కూర్చున్న నాకు చెమటకు తడిసి అంటుకుపోయిన ఆయన చొక్కా తప్ప ఏదీ కనపడలేదు. తిడతాడని ఎదురుచూశాను. తిట్టి ఉంటే తేలికగా ఉండేది.

తుమ్మలకుంటలో పూలవ్వ చేను ఊరి బయటే. సాయంత్రం పూలు కోస్తున్నారు అవ్వా, మనవరాలూ. నాయన సైకిలు గట్టుకు ఆనించి, అవ్వను పలకరించి, వంగి తనూ కోయడం మొదలుపెట్టాడు. ఎందుకు వచ్చామన్నది ఎత్తనే లేదు. నేను కాసేపు గట్టు మీద నిలబడి, ఇక నిలబడలేక లక్ష్మీదేవి ఉన్న సాలులోకి దిగాను. కనకాంబరాలు కోయడం నాకు రాదు, కాడ తెగి రెక్కలు చేతికి వచ్చేవి.

"అట్ల కాదు. కింద పట్టుకోవల్ల" అంది లక్ష్మీదేవి, నా వైపు చూడకుండా.

"నేనన్న్యది తప్పు" అన్నాను. "నువ్వు రాకుంటే నేనూ పరీచ్చ రాయను."

ఆ పిల్ల చాలాసేపు పూలు కోసింది. ఒళ్ళో నిండిన తరువాత బుట్టలో పోసి, "హాల్‌టికెట్ ఆడనే ఉండాది కదా" అంది.

అవ్వ నడుము మీద చెయ్యి పెట్టుకుని నిలబడి మా ముగ్గురినీ మార్చి మార్చి చూసింది. "ఏం జరిగిందో నాకు చెప్పలేదప్పా ఇది. అవ్వా నువ్వు గుర్తొచ్చినావు, వచ్చినా అనె. అంత పొద్దున్నే గుర్తొచ్చేంత గొప్పదాన్నా నేను?"

తిరుగుదారిలో నాయన సైకిలు తొక్కలేదు. ముందు బారు మీద లక్ష్మీదేవిని, వెనక నన్ను కూర్చోబెట్టి నెట్టుకుంటూ నడిచాడు. నడుస్తూ ఆ పిల్ల చేత లెక్కల సూత్రాలన్నీ ఒకటొకటే చెప్పించాడు. ఆయనకు వాటిలో ఒక్కటీ తెలియదు. ఒకచోట ఆ పిల్ల తప్పు చెప్పింది. నాయన "బాగుండాది, ఇంకోటి చెప్పు" అన్నాడు. నేను వెనక నుంచి సరిచేశాను. అప్పుడు లక్ష్మీదేవి తల తిప్పి నవ్వింది. పెనుకొండ చేరేసరికి వీధిలో దీపాలు పెట్టారు. అమ్మ మూడు కంచాలు ముందే వేసి ఉంచింది.

ముగ్గురం పాసయ్యాం. లక్ష్మీదేవికి లెక్కల్లో వచ్చిన మార్కులు మా బడిలో ఎవరికీ రాలేదు. ఆ ఎండాకాలం తుమ్మలకుంట వాళ్ళు ఇంటింటికీ వేలిముద్రలు, సంతకాలు పెట్టించి అర్జీ ఇచ్చారు. మొదటి సంతకం లక్ష్మీదేవిది. ఏడాది తిరిగేసరికి క్రాసులో ఒక రేకు బోర్డు పాతారు, ఆపాల్సిన చోటని. నాయన మళ్ళీ ఆ బస్సు మీదికి వచ్చి, రిటైరయ్యేదాకా దాని మీదే ఉన్నాడు. అవ్వ ఊరి నుంచి ఆ తరువాత ఏటేటా ఐదుగురు, ఆరుగురు ఆడపిల్లలు ఎక్కేవాళ్ళు. లక్ష్మీదేవి నర్సయి కనగానపల్లిలో పనిచేస్తోంది. సువార్త గుడిబండ దగ్గర టీచరు. నేను ధర్మవరంలో పట్టుచీరల దుకాణం లెక్కలు చూసే ఆయన్ని చేసుకుని అక్కడే ఉండిపోయాను.

నాయన పోయి రెండేళ్ళు. దినాల రోజు మేమెరగని ఆడవాళ్ళు వచ్చి అమ్మ పక్కన కూర్చుని ఒక్కొక్కరూ ఒక్కో సంగతి చెప్పారు. కాన్పు నొప్పులొచ్చిన మనిషి కోసం బస్సును ఆస్పత్రి వాకిటికి తిప్పించినది, మూగపిల్లవాణ్ణి వారానికోసారి హిందూపురం బడికి దింపి వచ్చినది, ఇంకా ఏవేవో. అమ్మ అన్నీ విని, చివరికి, "నలభై ఏండ్లు సంసారం చేస్తి. ఒక్కటీ నాకు చెప్పలే ఆ మనిషి" అంది. కోపమో, మురిపెమో నాకు తెలియలేదు.

ఇప్పుడు ఆ రోడ్డు నాలుగు వరసలయింది. తుమ్మలకుంటకు పసుపుపచ్చ బడి బస్సులు గడప దాకా వస్తున్నాయి, కాబట్టి ఆ పిల్లలకు క్రాసు అక్కర్లేదు. మంచిదే. కనకాంబరాల చేలలో ఇళ్ళ స్థలాల రాళ్ళు పాతారు. బాషా మామ లేడు, పూలవ్వ ఎప్పుడో పోయింది. పోయిన నెల హిందూపురంలో పెళ్ళికి అమ్మను తీసుకుని బస్సులో వెళ్ళాను. పెనుకొండ దాటాక అమ్మ కిటికీకి అతుక్కుపోయి చూస్తూ కూర్చుంది. బస్సు ఎత్తైన వంతెన మీదుగా, ఎక్కడా నెమ్మదించకుండా పోతోంది.

టికెట్ల మిషను పట్టుకుని వచ్చిన కుర్ర కండక్టరును అమ్మ అడిగింది: "తుమ్మలకుంట క్రాసు దాటిపోయిందా నాయనా?"

అతను మిషనులో పైకీ కిందికీ వెతికాడు. మర్యాదగానే చెప్పాడు. "ఆ పేరుతో స్టాపు లేదవ్వా."

"ఉండె నాయనా" అంది అమ్మ. "ముందర ఉండె. మా ఇంటాయన నిలిపినాడు."