ఏడవమని పిలిచే చోటు

గుంటూరు నుంచి పర్చూరు వెళ్ళే బస్సులో నా పక్కన కూర్చున్నావిడ ఎంతో ఏడ్చినట్టుంది. మిరపకోతలకు వెళ్ళే మనిషని చేతులే చెబుతున్నాయి. ఏమైందని అడిగాను.

“నర్సింగు కాలేజీలో వేషం వేసొస్తున్నానండి. కొడుకు పోయిన తల్లి వేషం. అట్టాంటి కబురు తల్లికి ఎట్టా చెప్పాలో పిల్లలు నాకు చెప్పి నేర్చుకుంటారు. ఇయ్యాళ ఒక పిల్ల చెప్పలేక నా చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది.”

“అంత బాగా నటించారా?”

ఆవిడ పత్తిచేల వైపు చూసింది. “నా కొడుకు పోయినప్పుడు ఆస్పత్రిలో కాగితమిచ్చి సంతకం పెట్టమన్నారండి. వాడు పోయాడని నాకట్టా తెలిసింది.”

“మరి మళ్ళీ వెళ్తారా?”

“వెళ్తానండి. ఇంట్లో ఏడిస్తే మా ఆయన తట్టుకోలేడు. అక్కడైతే ఏడవమనే పిలుస్తారు.”

ఊరు దగ్గరపడగానే కొంగుతో ముఖం గట్టిగా తుడుచుకుంది. “ఏడ్చినట్టు తెలుస్తోందా అండీ?”

లేదని అబద్ధం చెప్పాను.