బోర్లించే బాబాయి

మా బాబాయికి ఒకటే జబ్బు. ఏ వస్తువునైనా బోర్లించి చూడందే నమ్మడు. ఓసారి చుట్టాలింట్లో టీ తాగుతూ, కప్పు అడుగున ఏముందోనని తిప్పాడు. టీ కాస్తా ఒళ్లో పడింది. చుట్టాలు కంగారుపడుతుంటే, అడుగున ఏమీ లేదని ఆయన తృప్తిగా ప్రకటించాడు. ఫొటో చేతికిస్తే ముందు వెనకవైపే చూస్తాడు. పెళ్లయిన కొత్తలో పిన్ని తన ఫొటో ఇస్తే, అట్ట గట్టిగా ఉందని మెచ్చుకున్నాడట.

“నా మొహం అటువైపుంది,” అని పిన్ని చెప్పాల్సి వచ్చింది.

ఈ జబ్బుకు జీతం కూడా ఇస్తారంటే మీరు నమ్మరు. బాబాయి రాళ్ల ప్రయోగశాలలో పనిచేసేవాడు. నేను అక్కడే సూక్ష్మదర్శినిలోంచి ఫొటోలు తీసేవాణ్ణి. కోట్ల ఏళ్ల కిందట డైనోఫ్లాజెల్లేట్లనే ఏకకణ జీవులు సముద్రంలో గట్టి గుల్ల కట్టుకుని నిద్రపోయేవి. మెలకువ వచ్చాక తలుపు తీసుకుని వెళ్లిపోయేవి. వెంట్రుక మందమైనా లేని ఆ ఖాళీ గుల్ల రాయిలో మిగిలేది. దాని పలకలు, కొమ్ములు, తలుపు చూసి ఏ జాతిదో తేల్చాలి. అన్నిట్లోకీ తలుపే ముఖ్యం. ఈ రకం గుల్లలకు అది వీపున, పలకలు ఊడిన చోట ఉంటుంది.

మాతో పరిశోధన చేసే అమ్మాయికి అలాంటి గుల్ల ఒకే ఒక్కటి దొరికింది. కొత్త జాతి అని తేలితే పట్టా వస్తుంది, లేకపోతే చదువు అక్కడితో సరి. పెద్దసారు చూసి పెదవి విరిచారు. అవే కొమ్ములు, అదే పొట్ట, ఇది బాబాయి ఎప్పుడో కనిపెట్టిన జాతేనన్నారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటే ఎలాగమ్మా అని నవ్వారు కూడా.

“వీపు చూశారా?” అన్నాడు బాబాయి.

ఎవరూ చూడలేదు. తనది విరుగుతుందన్న భయంతో అప్పట్లో బాబాయి కూడా తిప్పలేదు. ఆయన పాత గుల్ల, అమ్మాయి కొత్త గుల్ల, రెండూ గాజుపలకల మీద జెల్లీలో వెల్లకిలా ఇరుక్కున్నాయి. గుల్లల గోడలు నల్లబడటంతో అవతలివైపు కనిపించదు. జెల్లీ కరిగించి వెంట్రుకతో తిప్పాలి. చెయ్యి వణికిందా, గుల్ల పిండే. అమ్మాయి మొహం పాలిపోయింది.

“ముందు నాది తిప్పుదాం,” అన్నాడు బాబాయి.

తన కనుబొమ్మలోంచే వెంట్రుక పీకి పుల్లకు అంటించాడు. ఆయన జాతికి ఆధారం ఆ ఒక్క నమూనాయే. పెద్దసారు వద్దంటూనే ఉన్నారు. గుల్ల తిరిగింది, దాంతోపాటు కొమ్మూ విరిగింది. జెల్లీ ఇంకాస్త వేడెక్కాలని తెలిసిందిగా అన్నాడు బాబాయి. ఆ గుల్ల వీపున ఒకే పలక ఊడి ఉంది. ఆ తర్వాత అమ్మాయి గుల్ల చక్కగా, చిన్న గీత కూడా పడకుండా తిరిగింది. దాని వీపున మూడు పలకలు ఊడి ఉన్నాయి. కొత్త జాతే. ఆ రోజు ఆయన్ని చూసి నాకు గర్వమేసింది.

“మీది విరిగిపోయింది కదండీ,” అని అమ్మాయి కళ్లు తుడుచుకుంది.

“ముసలిదమ్మా అది. ఒంటికొమ్ముతో నెట్టుకొస్తుందిలే.”

పట్టా వచ్చాక అమ్మాయి ఆ గుల్ల ఫొటోకు ఫ్రేము కట్టించి ఇంటికి తెచ్చింది. బాబాయి అందుకోగానే అలవాటు ప్రకారం బోర్లించాడు. వెనక అట్ట మీద ముత్యాల్లాంటి అక్షరాలున్నాయి. ‘మాస్టారూ, ముందు ఇటే చూస్తారని తెలుసు. ఈ జాతికి మీ పేరే పెట్టాను.’

బాబాయి ఫ్రేమును మళ్లీ ఇటు తిప్పనేలేదు. పిన్నే మేకు కొట్టించింది. ఆ ఫొటో ఇప్పటికీ వాళ్ల ముందుగదిలో, గోడకు మొహం పెట్టి వేలాడుతోంది.