గుట్ట దిక్కే ఎడమ

సూర్యాపేట నుంచి హైదరాబాదు పోయే పెద్ద రోడ్డు మీద, మా ఊరి పొలిమేరలో బండ్ల వేగాన్ని అదుపులో పెట్టిన ఏకైక అధికారి పోయిన మంగళవారం కన్నుమూసింది. ఆమెకు జీతం లేదు, ఖాకీ బట్టలు లేవు. చేతిలో కర్ర మాత్రం ఉండేది. ఆమె మా అవ్వ, నాయినను కన్నతల్లి. జ్వరంతో పోయింది. రోడ్డు మాత్రం ఆమెను ఏమీ చెయ్యలేకపోయిందని సగర్వంగా మనవి చేసుకుంటున్నాను.

మా ఇల్లు రోడ్డుకు ఒక పక్క. మా గొర్లు నీళ్లు తాగే కుంట రెండో పక్క, గుట్ట కింద. మంద రోజూ రోడ్డు దాటి, దాని అంచునే కొంత దూరం నడవాలి. కంకర రోడ్డుగా ఉన్నన్నాళ్లు ఇబ్బంది లేదు. ఎడ్లబండి వస్తే గొర్లు జరిగేవి, గొర్లు వస్తే ఎడ్లు ఆగేవి. తారు పోశాక లారీలకు రెక్కలొచ్చాయి. ఒక లారీ మా సూడి గొర్రెను కొట్టి, ఆగకుండా పోయింది. అవ్వ దాని పక్కనే రోడ్డు మీద కూర్చుంది. నాయిన ఎంత బతిమాలినా చాలాసేపు లేవలేదు. ఆనాటి నుంచి ఆమెకు ఒకటే రంది: ఇంకో జీవం ఈ రోడ్డు పాలు కాకూడదు.

కొన్నాళ్లకు సర్కారు వాళ్లు రోడ్డు పక్కన బోర్డు పాతారు. పొద్దున మందతో కుంటకు పోతూ అవ్వ దాని ముందు ఆగింది.

“ఏం రాసిండ్రు రా అండ్ల?”

“ఎడమ దిక్కు నడవాలన్నరు అవ్వా.”

“ఎడమంటే ఏ దిక్కు?”

నేను చెయ్యి చాపి గుట్టను చూపించాను. నా వేలి కొస నుంచి ఒక శాసనం పుట్టిందని అప్పుడు తెలియలేదు.

మెడలో గంట ఉన్న పొట్టేలు ఎటు పోతే మంద అటు పోతుంది. అవ్వ దాన్ని కర్రతో అదిలించి, బుజ్జగించి, గుట్ట వైపు అంచు మీదే నడవడం నేర్పింది. కొద్ది రోజుల్లోనే మా గొర్లు లారీల కన్నా బుద్ధిగా తయారయ్యాయి. చిక్కల్లా సాయంత్రాలే. తిరిగి వచ్చేటప్పుడు కూడా అవి గుట్ట వైపే, అంటే ఎదురొచ్చే బండ్ల దారిలోనే, ఎంతో క్రమశిక్షణతో నడిచేవి.

నల్లగొండ కాలేజీలో చేరిన కొత్తలో ఆ తప్పు దిద్దబోయాను. “అవ్వా, మనం మర్లితే ఎడమ గూడ మర్లుతది.”

“పొద్దుగాల గుట్ట దిక్కు ఎడమన్నవు. గుట్ట లేశి అవుతల వడ్డదా?”

నా విద్య అక్కడితో ముగిసింది.

ఒక సాయంత్రం పట్నం పోయే బస్సు ఒక లారీని దాటి, రోడ్డు నడుమ నుంచి గుట్ట వైపు తిరిగి, మా మంద ముందు కీచుమని ఆగింది. డ్రైవరు తల బయట పెట్టాడు.

“ఓ అవ్వా, నీ గొర్లు తప్పు దిక్కున వస్తున్నయి.”

అవ్వ బస్సు మూతి మీద కర్ర ఆనించింది. “నా దిక్కు తప్పయితే సర్కారుకు చెప్పు బిడ్డా. నువ్వు నడిమిట్ల ఉరికొస్తివి. గది ఏ బోర్డు మీద రాసిండ్రు?”

బస్సులో జనం నవ్వారు. కండక్టరు మాత్రం విసుక్కున్నాడు. “జర జరుగవ్వా, పట్నం జేరాలె.”

“పట్నం ఆడనే ఉంటది తియ్. సచ్చిన నా సూడి గొర్రెను ఆడికెంచి తెస్తవా?”

డ్రైవరు ఇంజను ఆపాడు. మంద మొత్తం బస్సును ఒరుసుకుంటూ పోయింది. ఆనాటి నుంచి అతను గుట్ట మలుపులోనే వేగం తగ్గించి, వెనక బండ్లకు తెలిసేలా చెయ్యి బయటికి చాపేవాడు. అవ్వ కర్ర ఎత్తేది. రెండు శాఖల అధికారులు వందనాలు మార్చుకున్నట్టుండేది.

యాదగిరిగుట్ట మొక్కుకు పోయినప్పుడు కూడా ఆమె ఉద్యోగం మానలేదు. అక్కడికి పోయే బస్సులో డ్రైవరు వెనకే కూర్చుని, అతను ఉరికించినప్పుడల్లా భుజం తట్టింది. “మెల్లగ పో నాయినా. నర్సింహస్వామి గుట్ట దిగి పోతడా?”

మంచం పట్టాక ఒకటే అడిగింది. “మందను ఎవలు దాటిస్తరు రా?”

“నేను దాటిస్త.”

“నువ్వా? సదువుకున్నోనివి. దిక్కు మార్చి నా జీవాలను ఆగం జేస్తవు.”

ఆమె అన్నంత పనీ చేయబోయాను. అవ్వ పోయాక మంద నా చేతికి వచ్చింది. మొదటి సాయంత్రమే చట్టప్రకారం నడిపిద్దామని పొట్టేలు కొమ్ము పట్టి అవతలి అంచుకు లాగాను. అది రోడ్డు నడిమధ్యలో మొరాయించింది. వెనక మందంతా అక్కడే కుప్పగా ఆగింది. అప్పుడే మలుపులో పట్నం బస్సు మోత వినిపించింది.

బస్సు మెల్లగా వచ్చి దూరంగానే ఆగింది. డ్రైవరు తల బయట పెట్టాడు.

“అవ్వేది?”

“పోయిందన్నా.”

అతని చూపు పొట్టేలు కొమ్ము పట్టిన నా చేతి మీద పడింది. “కొమ్ము ఇడువు తమ్మీ. అవ్వ దిక్కునే పోనియ్.”

విడిచాను. పొట్టేలు గంట మోగించుకుంటూ గుట్ట వైపు అంచుకు తిరిగింది. ఇంజను ఆగింది. బస్సు వెనక ఒక లారీ చేరి హారన్ కొట్టింది, మళ్లీ కొట్టింది. కిటికీలోంచి చాపిన డ్రైవరు చెయ్యి, కుంటుతూ వస్తున్న ఆఖరి గొర్రెపిల్ల దాటిపోయేదాకా, అట్లాగే ఉంది.