ఎడం కంట్లో సీకటి

దయ్యాలూ మహిమలూ నేనెప్పుడూ నమ్మలేదు. నర్సీపట్నంలో ఒక కంటి ఆస్పత్రిలో చూపు పరీక్ష చేయడం నా పని. ఎవరికైనా లేనిది కనబడిందంటే ముందు అద్దాల పవర్ చూసే రకం మేం.

అక్కడ నా కడుపుమంటకి పేరు రత్నం. డిప్లొమా నాది. ఇంటర్ తప్పి ఓపీ చీటీలు రాసేది తను. కానీ పేషెంటు “సీకటి” అంటే అది ఏ చీకటో తనకే తెలిసేది. సీకట్లు కమ్మాయంటే కళ్ళు తిరగడం, బీపీ చూడాలి. పొద్దుగూకితే సీకటంటే రేచీకటి. ఒక పక్కే సీకటంటే నీటికాసులు, అంటే కంటి నరం దెబ్బతిని పక్కచూపు పోవడం. చూపులో పడే నల్లమచ్చని స్కోటోమా అంటారనీ, ఆ మాట గ్రీకులో చీకటి నుంచి వచ్చిందనీ నేను పరీక్షకి బట్టీపట్టాను. రోలుగుంట రైతు ముందు అదెందుకు పనికొస్తుంది? నేను పక్కనే ఉన్నా డాక్టరుగారు “రత్నాన్ని పిలవండి” అనేవారు. ఒళ్ళు మండిపోయేది.

పోయినేడు రత్నం ఒక ముసలావిడని చెయ్యి పట్టుకుని తెచ్చి, నా దగ్గర కూర్చోబెట్టి వెళ్ళింది. రెండు కళ్ళలోనూ ముదిరిన శుక్లాలు. టార్చి వేస్తే వెలుగు తెలిసింది, అంతే. ఎదురుగా పెట్టిన నా వేళ్ళు కూడా లెక్కపెట్టలేకపోయింది. ఆ రీడింగు రాసింది నేనే.

“అమ్మా, ఇందాక నా సెయ్యి పట్టుకున్న గుంటకి ఎడం కంట్లో సీకటున్నాది. బేగి సూపించుకోమని సెప్పు” అంది.

చూపులేని మనిషికి కూడా రత్నం మీదే ధ్యాస! ఉంటే ఉండనీ, నాకేటి అనుకున్నాను. చెప్పలేదు.

ఎనిమిది నెలలకి రత్నం ఎడం భుజం తలుపులకి కొట్టుకోవడం మొదలైంది. పక్కచూపు పరీక్ష నేనే చేశాను. ఎడం కంట్లో సగానికి పైగా నలుపు. నీటికాసులే. నొప్పి ఉండదు, రెండో కన్ను సర్దేస్తుంది, అందుకే తనకి తెలియలేదు. ముందే తెలిసుంటే ఆపేవాళ్ళం, పోయిన చూపు ఇక రాదన్నారు డాక్టరుగారు.

ముసలావిడ మళ్ళీ రాలేదు. రత్నం మొహమైనా చూడలేని మనిషికి, మాకు మిషన్ పెడితే గానీ తెలియనిది ఎలా తెలిసింది? ఎన్ని రకాలుగా ఆలోచించినా నాకు అంతుపట్టడం లేదు.

ఉన్న చూపు నిలబడడానికి రోజూ పొద్దున్నే రత్నం కంట్లో చుక్కలు నేనే వేస్తున్నాను. మొన్న తల వెనక్కి వాల్చి, “తోడబుట్టినోలు కూడా ఇంత సెయ్యరక్కా” అంది. “కదలకు” అని ఎడం కంట్లో చుక్క వేశాను.