డిసెంబరు గొడుగు

వాన్‌ఫ్రాంగ్‌కి మతిమరుపు. అదీ ఒక్క గొడుగు విషయంలోనే. బైబిలు మరవడు, పాటల పుస్తకం మరవడు, ఏ ఇంట్లో బియ్యపు రొట్టె మెత్తగా ఉంటుందో చచ్చినా మరవడు. గొడుగు మాత్రం ఎవరింట్లోనో వదిలేసి, సగం కొండ దిగాక గుర్తు తెచ్చుకుంటాడు.

ఆ సగం కొండా మళ్లీ ఎక్కే ఖర్మ కిట్‌బోక్‌ది. ఇరవై ఒక్కేళ్ల ఈ కుర్రాణ్ణి సంఘంవాళ్లు ఏడాది సువార్త సేవకి నోంగ్‌స్టాయిన్ అవతలి కొండ ఊళ్లకి పంపి, వాన్‌ఫ్రాంగ్‌కి జత చేశారు. ఎక్కడికైనా ఇద్దరూ కలిసే వెళ్లాలన్నది నియమం. గొడుగు కోసమైనా అంతే.

"వానలు పోయి రెండు నెలలైంది. డిసెంబరులో గొడుగెందుకన్నా?"

"అలవాటు తమ్ముడూ."

"పోనీ ఊరిపెద్ద ఇంట్లో మరిచిపో. పదకొండు మంది పిల్లలున్నారు, ఎవడో ఒకడు తెచ్చిస్తాడు."

"అక్కడ గుర్తుంటోందే, ఏం చెయ్యను?"

కిట్‌బోక్ రోజూ పొద్దున్నే పైకి వినపడేలా ప్రార్థన చేసేవాడు. "ప్రభువా, మా అన్నకి కాస్త జ్ఞాపకశక్తి దయచెయ్యి." పక్కనే వాన్‌ఫ్రాంగ్ అతనికన్నా గట్టిగా "ఆమేన్" అనేవాడు.

క్రిస్మస్‌కి కిట్‌బోక్‌కి రెండు రోజులు సెలవు దొరికింది. ఇంటి దగ్గర అమ్మ నల్లనువ్వులు వేసి పంది మాంసం వండి, వాకిట్లో నిలబడి ఎదురుచూస్తూ ఉంటుంది. ఇరవై నాలుగున ఒంటిగంటకి వెళ్లే సుమో ఒక్కటే బండి. అది దాటితే పండగ దాటినట్టే.

ఆ రోజు పన్నెండింటికి, సగం కొండ దిగాక, వాన్‌ఫ్రాంగ్ ఆగాడు.

"చెప్పకు," అన్నాడు కిట్‌బోక్.

"లిసిమోన్ పెద్దమ్మ ఇంట్లో. నువ్వు బండెక్కు, నేను పోయి తెచ్చుకుంటా."

కిట్‌బోక్ అతని కాలి వంక చూశాడు. మడమ మీద బొబ్బ లేచి, బూటు వెనక భాగం తొక్కుకుని నడుస్తున్నాడు. కిట్‌బోక్‌కి ఒళ్లు మండింది, జాలీ వేసింది.

"నియమం సంగతి తర్వాత చూద్దాం. నువ్వెళ్లి బండి ఆపు, నేను తెస్తా," అని పైకి పరుగెత్తాడు.

లిసిమోన్ తలుపు తెరిచే ఉంది. పొయ్యి మీద టీ మరుగుతోంది. పక్కన రెండు కప్పులు కడిగి పెట్టి ఉన్నాయి.

"రా నాయనా. ఒక్కడివే వచ్చావే? ఆ మతిమరుపువాడేడి?"

"వస్తామని ఎలా తెలుసు పెద్దమ్మా?"

"కొక్కేనికి గొడుగు తగిలించి వెళ్లాడుగా. అది చూసే టీ పెడతా. మనలో పుట్టింట్లో ఉండిపోయేది ఆడపిల్లలేగా, నాకు వాళ్లు లేరు. కొడుకులు ముగ్గురూ కాపురానికి అత్తవారిళ్లకి పోయారు. మీరు మొదటిసారి వచ్చేది దేవుడి పని మీద. రెండోసారి వచ్చేది నాకోసం." వక్క కత్తిరిస్తూ నవ్వింది. "వాడికి మతిమరుపు అనుకుంటున్నావేంటి?"

కిట్‌బోక్‌కి ఊరిపెద్ద ఇల్లు గుర్తొచ్చింది. గొడుగు కోసం తిరిగెళ్లిన ఒంటరి ముసలాళ్ల ఇళ్లు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఇన్నాళ్లూ ప్రతి ఇంట్లో వాక్యం తప్పుల్లేకుండా చదివి, బరువు దించుకున్నట్టు లేచి వచ్చేసిన తన సంగతీ గుర్తొచ్చింది. సిగ్గేసింది. బండికి టైమవుతోందని తెలిసీ కూర్చుని టీ మొత్తం తాగాడు. పెద్దమ్మ తమలపాకుకి సున్నం రాస్తుండగా లేచి గొడుగు తీసుకున్నాడు.

కిందికి వచ్చేసరికి ఒకటీ ఇరవై. సుమో ఇంకా అక్కడే ఉంది. డ్రైవర్ గొంతు చించుకుంటున్నాడు.

"మీ అన్న నీ టికెట్ చీటీ ఎక్కడో పెట్టి మరిచిపోయాడంట! ఇరవై నిమిషాలుగా జేబులు వెతుకుతున్నాడు."

కిట్‌బోక్‌ని చూడగానే చీటీ చొక్కా జేబులో దొరికింది. వాన్‌ఫ్రాంగ్ అది అందిస్తూ అతని మెడ వంక చూశాడు.

"మీ అమ్మ అల్లిన మఫ్లరేది?"

"పెద్దమ్మ ఇంట్లో కొక్కేనికి ఉండిపోయింది. మరిచిపోయా. ఇరవై ఆరున రాగానే వెళ్లి తెచ్చుకోవాలి."

వాన్‌ఫ్రాంగ్ అతని చేతిలోంచి గొడుగు అందుకున్నాడు. మిట్టమధ్యాహ్నపు ఎండలో గొడుగు విప్పుకుని, కుంటుకుంటూ వెళ్లిపోయాడు.

సుమో కదిలింది. కిట్‌బోక్ కళ్లు మూసుకుని, ఇన్నాళ్లూ తను రోజూ చేసిన ఆ ప్రార్థనని వినిపించుకోనందుకు ప్రభువుకి కృతజ్ఞతలు చెప్పుకున్నాడు.