నేను రాయని జవాబు

మా చెల్లికి తొమ్మిదో ఏట జ్వరం వచ్చి చెవులు పోయాయి. మాట మిగిలింది, అక్కనైన నన్ను మా వైపు అలవాటుగా అప్పా అని పిలిచేది. ఎదుటివాళ్ల పెదాలు చూసి చాలావరకు అర్థం చేసుకునేది. నేను బీఈడీకి శ్రీకాకుళం హాస్టల్లో చేరాక, ఫోను దానికి పనికిరాదు కాబట్టి, దసరా సెలవుల్లో బొబ్బిలిలో మా వీధి చివర నెట్ సెంటర్‌కి తీసుకెళ్లి ఉచిత మెయిలు ఖాతా తెరిచిపెట్టాను.

మెయిలు పేజీ వెనకాల ఏ బొమ్మ ఉండాలో తేల్చుకోవడానికే దానికి అరగంట పట్టింది. కొండలు పెట్టి తీసేసింది, పూలు పెట్టి తీసేసింది, చివరికి సముద్రం ఉంచింది. ప్రతి ఉత్తరం కిందా దానంతటదే వచ్చే సంతకం చోట "ఇట్లు, ఎక్కువ మాట్లాడే మీ చెల్లి" అని కొట్టి పగలబడి నవ్వింది.

వారానికి రెండు ఉత్తరాలు రాసేది. కుట్టుమిషను, పక్కింటి మేక, అమ్మతో తగువులు. నేను నాలుగు ముక్కలు రాసి ఊరుకునేదాన్ని. వేసవిలో పరీక్షలు దగ్గరపడ్డాయి. ఎవరు రాసినా వెంటనే వెళ్లిపోయే జవాబొకటి పెట్టుకోవచ్చని సెట్టింగుల్లో కనిపించింది. నాకు రాసేది అదొక్కతే గనక దానికోసమే రాసిపెట్టాను: "నీ ఉత్తరం అందింది. పరీక్షలయ్యాక తీరిగ్గా రాస్తాను. అంతవరకు అమ్మ మాట విను." ఆ చివరి మాట సరదాకి.

పరీక్షలు ముగించుకుని ఇంటికి వెళ్లేసరికి చెల్లికి తాంబూలాలు పుచ్చేసుకున్నారు. పెళ్లికొడుకు భార్య పోయినవాడు, దానికంటే పద్నాలుగేళ్లు పెద్ద. టెక్కలి అవతల జీడితోట ఉంది.

"అదొప్పుకుందా?" అని అడిగాను.

"ముందు ఏడిసింది. నీకేటి రాసిందో, నువ్వేటి సెప్పినావో, నెట్ కాడినుంచొచ్చి సరేననీసింది" అంది అమ్మ.

అప్పటికప్పుడు నెట్ సెంటర్‌కి పోయి చూశాను. నేను ఆ జవాబు పెట్టాక చెల్లి నుంచి వచ్చిన ఉత్తరం ఒక్కటే ఉంది. "అప్పా, ఆయన నా మొహంకేసి తిరగనేదు. అమ్మతోనే మాటాడినాడు. నాకిష్టం నేదు. నువ్వొద్దంటే వద్దనీస్తాను. సేసుకోమంటావా?"

ఇంటికొచ్చి చెల్లిని పెరట్లోకి పిలిచాను. ఆ జవాబు నేను రాయలేదనీ, దానంతటదే వెళ్లిందనీ నిదానంగా, పెదాలు కనబడేలా చెప్పాను.

"నిమిషం కూడా పట్టనేదప్పా. నా ఉత్తరంకోసమే కూకున్నావనుకున్నాను" అంది. "మరి సూసుంటే ఏటి రాసీదానివి?" అని అడిగింది.

లోపల అమ్మ చుట్టాలకి పెళ్లి కబురు చెబుతోంది. ఆ గొంతు నాకు వినబడుతోంది, దానికి వినబడదు. వద్దని రాసేదాన్నని చెప్పాలి. ముహూర్తం పెట్టేశారు, ఇంకేం చెయ్యగలనని భయం వేసింది.

"సేసుకోమనే రాసీదాన్ని" అన్నాను.

చెల్లి నా పెదాలవైపు ఇంకాసేపు చూసి, తలూపింది.

పెళ్లయ్యాక ఉత్తరాలు ఆగిపోయాయి. ఆ ఊళ్లో నెట్ లేదు. రెండేళ్లకి చూడ్డానికి వెళ్లాను. ఆయన చెడ్డవాడేమీ కాదు. తిట్టడు, కొట్టడు. ఏం కావాలన్నా చెయ్యూపి చూపిస్తాడు. ఇంట్లో అందరూ అంతే. చెల్లి కూడా నన్ను చేత్తోనే లోపలికి రమ్మంది.

"నోటితో మాటాడవే?" అన్నాను.

"ఎవులితో మాటాడాలప్పా?" అంది. ఆ మాట వచ్చేముందు గొంతు రెండుసార్లు సవరించుకోవాల్సి వచ్చింది దానికి.

అన్నం వడ్డిస్తూ, ఇంకొంచెం వెయ్యనా అని గరిటె చూపించింది. చాలని చెయ్యి అడ్డం పెట్టాను.